బదులు తెచ్చిన వస్తువు

(ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:14-15, 2 రాజులు 6:1-7, నెహెమ్యా 3వ అధ్యాయము)



చెడిపోయిన వస్తువును బాగుచేయుట భక్తికి సంబంధించిన పనియా, లేక కేవలము లోక సంబంధమైన పనియా? ఈ ప్రశ్నను మన సంఘములలో ఎవరును నోటితో అడుగరు. అయినను మన యిండ్లు, మన బండ్లు, మన దేవాలయపు తలుపులు దీనికి ప్రతిదినము ఏదో యొక జవాబు చెప్పుచునే యున్నవి. ఒకడు, ఈ లోకములోని వస్తువులన్నియు గతించిపోవునవే గదా, వాటిని గూర్చి ఇంత శ్రద్ధ యేల అనును. మరియొకడు తన మోటారు సైకిలును ఉదయము సాయంత్రము తుడిచి మెరుగుపెట్టును గాని, ఇంటిలో తల్లి పండుకొను మూల వానకు కారుచున్నను చూడడు. మొదటివాడు వస్తువును తృణీకరించుచున్నాడు; రెండవవాడు దానిని పూజించుచున్నాడు. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి పరిశుద్ధ గ్రంథములో కలదు. ఒక చిన్న సంగతిని పట్టుకొని దానిని ఈ నెల ధ్యానింతము.

రామగిరి ప్రక్క పల్లెలో ఒకని తల్లికి రాత్రివేళ జబ్బు చేసినదనుకొందము. అతడు పొరుగువాని మోటారు సైకిలు బదులు తీసికొని మందు కొరకు ధర్మవరము పోయెను. దారిలో ముందు పోవుచున్న లారీ చక్రము క్రిందినుండి ఒక రాయి ఎగిరివచ్చి బండి ముందరి రేడియేటరుకు తగిలెను. మందు దొరికెను, తల్లికి నెమ్మది కలిగెను. తెల్లవారకమునుపే అతడు బండిని యథాస్థానమున నిలిపెను. దాని క్రింద పచ్చని నీరు చుక్కచుక్కగా పడుచున్నది. ఎవరును చూడలేదు. ఇప్పుడతడు చేయవలసినదేమి? బండిగలవాడు చేయవలసినదేమి? ఇట్టి సంగతి ఏ పల్లెలోనైనను జరుగవచ్చును. ఇందులో మన విశ్వాసమంతయు పరీక్షింపబడును.

1. రేడియేటరు చేయు పని

మన పల్లెలలో తిరుగు మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగము గాలితోనే చల్లబడునవి. 2008లో యమహా ఆర్ 15, 2012లో కేటీఎం డ్యూక్ 200, బజాజ్ పల్సర్ 200 ఎన్‌ఎస్ వంటివి వచ్చిన తరువాత నీటితో చల్లబడు బండ్లు మన యువకుల చేతికి వచ్చినవి. ఈ బండ్లలో ఒక చిన్న పంపు కూలెంటు అను రంగునీటిని ఇంజను చుట్టు త్రిప్పును. ఆ నీరు ఇంజను వేడిని తనలోనికి తీసికొని ముందరి రేడియేటరునకు వచ్చును. అక్కడ సన్నని గొట్టములు, వాటి నడుమ కాగితమువంటి పలుచని రెక్కలు ఉండును. ఎదురుగాలి ఆ రెక్కలకు తగిలి వేడిని కొనిపోవును. చల్లబడిన నీరు తిరిగి ఇంజనునకు పోవును. బండి నిలిచియున్నప్పుడు గాలి చాలదు గనుక ఒక ఫ్యాను తిరుగును. ఇంజను తాను పుట్టించిన వేడికి తానే కాలిపోకుండ ఈ చిన్న పెట్టె కాపాడుచుండును. చూచువారు ఇంజను బలమును మెచ్చుకొందురు గాని రేడియేటరును ఎవరును తలంపరు. సంఘములో కూడ ఇట్టి సేవకులు కలరు. ఇతరుల కోపమును తాము భరించి, సంఘము మండిపోకుండ చల్లార్చువారు వారే.

ఈ రేడియేటరు చెడుటకు కారణములు పెద్దవి కావు. పొలము గట్లమీద పోవునప్పుడు బురద రెక్కల సందులలో ఎండిపోవును. రబ్బరు గొట్టము గట్టిపడి పగులును. క్లిప్పు వదులగును. కొందరు కూలెంటునకు బదులు బోరు నీళ్లు పోయుదురు. మన నేల నీటిలో సున్నము మెండు. నీళ్లు కాచు గిన్నె అడుగున ఏర్పడు తెల్లని పొరవంటిదే ఆ సన్నని గొట్టములలోను పట్టి, దారిని మూసివేయును. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన సీమ ఎండలో అట్టి బండి ఎంతదూరము పోగలదు? వేడి గుర్తు వెలిగినను లెక్కచేయక నడిపినచో ఇంజను తల వంగిపోవును, పిస్టను పట్టుకొనిపోవును. చుక్కగా కారినప్పుడు చిన్న ఖర్చుతో పోవలసినది, చివరకు ఇంజను ఖరీదుకు వచ్చును.

2. మొదటి చుక్క

సోమరితనము చేత ఇంటికప్పు దిగబడునని, చేతుల బద్ధకము చేత ఇల్లు కురియునని జ్ఞాని ప్రసంగి 10:18లో బోధించెను. ఇల్లు ఒక్క దినమున కూలదు. ఒక్క చుక్కను చూచి, రేపు చూతములే యని మంచము ప్రక్కకు జరుపుకొనుటతో అది కూలుటకు మొదలిడును.

మన పెద్దలకు ఈ సంగతి బాగుగా తెలియును. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండు సంవత్సరములు దినమునకు వేయిమంది కూలీలు, రాతి పనికి నూరు బండ్లు పనిచేసినట్లు అందులో చెక్కబడియున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కలుగు ఆరు దోషములను కూడ ఆ శాసనము లెక్కించినది. ఆ దోషములలో కట్టనుండి నీరు ఊరుట యొకటి. వేయిమంది రెండేండ్లు పడిన కష్టమును కాజేయుటకు కట్టలోని సన్నని ఊట చాలును.

మన అనంతపురము సీమలో పూర్వము దశబంధ ఇనాము అను మాన్యములు ఉండెడివి. చెరువునో బావినో కట్టించి దానిని మరమ్మతులో ఉంచు నిమిత్తము భూమి ఇయ్యబడెడిది. ఆ భూమిని అనుభవించువాడు దాని పంట తినవచ్చును. అయితే చెరువును కాపాడవలెను. అనుభవమును బాధ్యతయు ఒకే పత్రములో వ్రాయబడియుండెను. దేవుడు మొదటి నరుని ఏదెను తోటలో ఉంచినప్పుడు కూడ ఇట్లే జరిగెను. దానిని సేద్యపరచుటకును, దానిని కాచుటకును ఆయన అతనిని అక్కడ ఉంచెను (ఆదికాండము 2:15). సేద్యము చేయుట మనకు ఇష్టమే. ఫలము వచ్చును గదా. కాచుటలో క్రొత్త ఫలమేమియు కనబడదు. ఉన్నది ఉన్నట్లు నిలుచుటయే దాని ఫలము. అందుచేతనే అది మనకు బరువుగా తోచును.

3. బదులు తెచ్చినవాని ధర్మము

ఇప్పుడు మన పల్లెవాని యొద్దకు తిరిగి వత్తము. నిర్గమకాండము 22:14-15లోని న్యాయమును చూడుడి. ఒకడు పొరుగువాని పశువును బదులు తీసికొనిపోగా, యజమానుడు దానియొద్ద లేనప్పుడు దానికి హాని కలిగినయెడల, తీసికొనిపోయినవాడు నష్టము ఇచ్చుకొనవలెను. యజమానుడు దానియొద్ద ఉండినయెడల ఇయ్యనక్కరలేదు. అద్దెకు తెచ్చినదైతే ఆ అద్దెలోనే నష్టము చేరియున్నది.

రాయి ఎగిరినది నా తప్పు కాదే యని అతడు అనవచ్చును. నిజమే, అది అతని తప్పు కాదు. అయితే ధర్మశాస్త్రము ఇక్కడ తప్పు ఎవరిదని అడుగుటలేదు. మేలు ఎవరికి కలిగినదని చూచుచున్నది. ఆ రాత్రి బండి అతని తల్లి కొరకు పోయెను. మేలు అతని యింటికి వచ్చినది గనుక నష్టమును అతని యింటికే రావలెను. కాబట్టి అతడు తెల్లవారగానే పోయి, "అన్నా, నీ బండికి రాయి తగిలింది, నీళ్లు కారుతాండాయి. దాన్ని నడపొద్దు. నేనే బాగు చేయించి ఇస్తా" అని చెప్పవలెను. డబ్బు వెంటనే లేకపోవచ్చును. మాట మాత్రము ఆలస్యము కారాదు. ఏలయనగా చెప్పకుండ ఊరకున్న ఆ ఉదయమే బండిగలవాడు దానిని హిందూపురము వరకు నడిపి, నడిదారిలో ఇంజను పోగొట్టుకొనవచ్చును. మొదటి నష్టము రాయివలన కలిగినది. రెండవ నష్టము మౌనమువలన కలుగును.

ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యుడొకడు యొర్దాను ఒడ్డున మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీటిలో పడెను. అతడు వెంటనే కేకవేసి అది ఎరవు తెచ్చినదని చెప్పెను. దైవజనుడు అది పడిన చోటు ఏదని అడిగెను. అతడు ఆ స్థలము చూపెను. ఇనుము తేలినది ఆ చూపిన స్థలముననే. దేవుడు ఒక బీదవాని బదులు తీర్చుటకు అద్భుతము చేసెనన్న సంగతి మనకు ధైర్యమియ్యవలెను. అయితే నష్టము జరిగిన చోటును దాచిపెట్టువానికి ఆ ధైర్యము లేదు.

బండిగలవానికిని ధర్మము కలదు. ఆ రేడియేటరు ముందే కారుచుండగా, దానిని ఎరిగియుండియు చెప్పక బండి ఇచ్చెనా? అట్లయితే నిర్గమకాండము 21వ అధ్యాయము అతనిని ప్రశ్నించును. పొడుచు ఎద్దని తెలిసియుండియు కట్టివేయని యజమానుడు దాని హానికి ఉత్తరవాదియని అక్కడ ఉన్నది. పాత ఊటకు క్రొత్త రేడియేటరు పొరుగువాని చేత కొనిపించుట న్యాయము కాదు. మరియు బదులు తెచ్చినవాడు కూలినాలి చేయు బీదవాడైనచో, తిరిగి రాదని తెలిసియు ఇయ్యుమన్న ప్రభువు మాటను (లూకా 6:35) బండిగలవాడు జ్ఞాపకము చేసికొనవలెను. ఆ నష్టమును అతడు విడిచిపెట్టవచ్చును. ఒక్కటి మాత్రము మరువరాదు. విడిచిపెట్టుట బండిగలవాడు ఇయ్యదగిన వరము. బదులు తెచ్చినవాడు తనంతట తాను తీసికొనదగినది కాదు.

4. మార్చు విధము

రేడియేటరు మార్చుట కష్టమైన పని కాదు గాని తొందరగలవాని పని కాదు. వేడి ఇంజనులోని నీరు ఒత్తిడిలో ఉండును. ఆ ఒత్తిడిచేతనే అది మరుగుటకు ఆలస్యమగును. మూత తీసిన తక్షణమే ఒత్తిడి పోయి, నీరు ఆవిరితో కూడ పైకి చిమ్మి ముఖమును చేతులను కాల్చును. కాబట్టి ఇంజను పూర్తిగా చల్లారు వరకు మూత ముట్టరాదు. కోపముగా ఉన్న మనుష్యునితో మాటలాడుటకును ఇదియే నియమము.

అటుపిమ్మట పాత కూలెంటును ఒక పాత్రలోనికి దింపవలెను. దీనిని వాకిట పారబోయరాదు. కూలెంటులలో సాధారణముగా ఉండు ఇథిలీన్ గ్లైకాలు అను పదార్థము విషము. పైగా అది తియ్యగా ఉండును. కుక్కలు, మేకలు, పసిపిల్లలు దానిని త్రాగిన ప్రాణాపాయము. గుంట త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దు గాని గాడిద గాని పడి చచ్చినయెడల నష్టము ఇయ్యవలెనని నిర్గమకాండము 21:33-34 చెప్పుచున్నది. మూతలేని డబ్బాలో వాకిట విడిచిన కూలెంటు నేటి కప్పని గుంట. దానిని గట్టి మూతగల డబ్బాలో పోసి, పైన విషమని వ్రాసి, పిల్లలకు అందకుండ ఉంచి, షెడ్డువారికి అప్పగించవలెను.

పిమ్మట గొట్టముల క్లిప్పులు, ఫ్యాను తీగ, బోల్టులు విప్పి పాత రేడియేటరును తీయుదురు. గట్టిపడిన గొట్టములను అప్పుడే మార్చుట మంచిది. పాత బట్టకు క్రొత్త గుడ్డ మాసికవేయుటను గూర్చి ప్రభువు చెప్పిన మాట (మత్తయి 9:16) ఇట్టి పనివారికి చక్కగా అర్థమగును. పగిలిన గొట్టమును క్రొత్త రేడియేటరునకు తగిలించినవాడు మరల అదే పనికి వచ్చును. అట్లని ప్రతిదానిని పారవేయనక్కరలేదు. అల్యూమినియములోని చిన్న రంధ్రము అతుకుటకు వీలుండును. పగిలిన ప్లాస్టిక్ తొట్టి మాత్రము అతుకునకు నిలువదు. ఏది అతుకదగినదో, ఏది మార్చదగినదో తెలిసికొనుటయే వివేకము.

క్రొత్తదానిని బిగించి, బండి పుస్తకములో చెప్పిన కూలెంటును పోసి, లోపలి గాలిని బయటికి పోనియ్యవలెను. గాలి చిక్కుకొన్నచోటికి నీరు చేరదు. మరునాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టము మరల చూడవలెను. నేడు చేసిన పనిని రేపు మరల చూచువాడే మంచి పనివాడు.

యోవాషు రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు యాజకులు మందిరపు శిథిలములను బాగుచేయలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము ప్రక్కన ఉంచెను. ఆ ద్రవ్యమును పనివారికి ఇయ్యగా, వారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని 2 రాజులు 12:15లో ఉన్నది. ఎంత గొప్ప సాక్ష్యము! మన యువకులు అనేకులు నేడు మెకానిక్కు షెడ్లలో పనిచేయుచున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైనది మొదలు యంత్రముల పని మన సీమకు మరింత దగ్గరకు వచ్చినది. పాత సామాను వేసి క్రొత్తదని చెప్పని మేస్త్రి, అక్కరలేని పనిని కల్పించని మేస్త్రి, షెడ్డులోనే ప్రసంగము చేయుచున్నాడు.

5. ఇంటి ఎదుటి గోడ

నెహెమ్యా 3వ అధ్యాయమును చదువునప్పుడు కొందరు పేర్ల పట్టికయని దాటిపోవుదురు. దయచేసి నిదానముగా చదువుడి. కంసాలులు బాగుచేసిరి, పరిమళద్రవ్యములు చేయువారు బాగుచేసిరి, షల్లూము తన కుమార్తెలతో కూడ బాగుచేసెను, మల్కీయా పెంట గుమ్మమును బాగుచేసెను. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసిరి. తెకోవీయుల ఘనులు మాత్రము ఆ పనికి మెడ వంచలేదు. పెంట గుమ్మము పని చేసినవాని పేరును దేవుని గ్రంథము జ్ఞాపకముంచుకొన్నది. మెడ వంచని ఘనుల పేర్లు అందులో లేవు.

మన యింటికి ఎదురుగా ఉన్నదేమి? మిద్దెకు పిట్టగోడ కట్టించుము, ఎవడైన పడి చచ్చి ఆ రక్తదోషము నీ యింటిమీదికి రాకుండునట్లు చూచుకొనుము అని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. నేడు పిట్టగోడతోబాటు సంపు మూత, తెగిన కరెంటు తీగ, ఎర్తు లేని మోటారు, గ్యాసు గొట్టము కూడ ఆ ఆజ్ఞలోనివే. గ్యాసు సురక్షా గొట్టమును అయిదేండ్లకు ఒకసారి మార్చవలెను. వీటిని చూచుకొనుట ప్రేమలో భాగము. రాబోవు అతిథి పడకుండ ముందుగానే అతని చెయ్యి పట్టుకొనుట అది.

మరియు మన సంఘములో విధవరాండ్ర యిండ్లు కలవు. వానకాలమునకు ముందు మిద్దెమీద చౌడు వేయుటకు మనుష్యులు లేని యిండ్లు అవి. ఒక శనివారము నలుగురు యువకులు గంపలు పట్టుకొని పోయినచో సాయంత్రమునకు ఆ పని ముగియును.

6. కప్పు విప్పిన నలుగురు

అయితే వస్తువులను కాపాడుటయే గొప్ప ధర్మమా? కాదు. కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువుగల వానిని మోసికొనివచ్చి, జనము మూలమున దారిలేక, ప్రభువు ఉన్న చోటికి పైగా ఇంటి కప్పు విప్పిరి (మార్కు 2:1-12). పట్టణపువారికి ఇది ఒక వింత కథ. మట్టిమిద్దె ఎరిగిన మనకు అది ఎంత నష్టమో తెలియును. దూలములు, దంతెలు, వాటిపై మట్టి, ఆపైన చౌడు; ఒకసారి పెరికినచో మరల ఒక్కటిగా కలియుట కష్టము. అయినను ప్రభువు కప్పును చూచి గద్దింపలేదు. వారి విశ్వాసమును చూచెను. మనుష్యుని కొరకు కప్పు గాని, కప్పు కొరకు మనుష్యుడు కాడు. ఆ రాత్రి తల్లి మందు కొరకు బండి నిచ్చిన పొరుగువాడు ఈ సంగతిని గ్రహించినవాడే. రేడియేటరు పగులునేమోయని బండిని దాచుకొన్నవాని బండి చెక్కుచెదరకుండ నిలుచును గాని, ప్రేమ పగిలిపోవును.

ఆ కప్పును తరువాత ఎవరు బాగుచేసిరో సువార్తలో వ్రాయబడలేదు. ఎవరో ఒకరు చేసియుండవలెను. వాన రాకమానదు గదా. మోసికొనివచ్చిన నలుగురా? పరుపెత్తుకొని నడిచిపోయినవాడు తానే తిరిగివచ్చెనా? ఇంటివాడు సంతోషముతో తానే చేసికొనెనా? ప్రతివాడు తన్ను తాను ఆ నలుగురిలో ఒకనిగా ఎంచుకొని, ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను. ప్రేమ కొరకు విప్పుటకు వెనుదీయకుడి. విప్పిన తరువాత కట్టుటకును వెనుదీయకుడి.

భూమియు దాని సంపూర్ణతయు యెహోవావి (కీర్తన 24:1). కాబట్టి మన బండి మనది కాదు, ఇల్లు మనది కాదు, ఈ శరీరమును మనది కాదు. అన్నియు బదులు తెచ్చినవే. వస్తువు గతించిపోవును, నిజమే. దానిని బాగుచేసిన చేతులలో పుట్టిన నమ్మకత్వము గతించదు. బాహ్య పురుషుడు కృశించుచున్నను ఆంతర్య పురుషుడు దినదినము నూతనపరచబడుచున్నాడని అపొస్తలుడు సెలవిచ్చెను (2 కొరింథీ. 4:16). దేవుడే మనలను దినదినము మరమ్మతు చేయుచుండగా, మనము ఒక చుక్కను చూచి ముఖము త్రిప్పుకొందుమా?

ప్రార్థన: ప్రభువా, నీవు మాకు బదులిచ్చిన వాటిని నమ్మకముగా కాపాడు మనస్సును, పాడుచేసినప్పుడు దాచక ఒప్పుకొను ధైర్యమును, పొరుగువాని అక్కరకు వాటిని ఇచ్చు ఉదారమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.